పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ: ఇంజన్ విప్పే ముందు ఏం చూడాలి

మీరు చెప్పింది ఇదీ. పాత లారీ కొని రెండు నెలలైంది, ఆరు సిలిండర్ల టర్బో డీజిల్. రాత్రంతా ఆపి ఉంచి పొద్దున సెల్ఫ్ కొడితే అర నిమిషం సేపు సైలెన్సర్‌లోంచి నీలం పొగ. ఆ తర్వాత రోజంతా ఏమీ లేదు. లోడు మీద లాగుడు బాగుంది. ఆయిల్ మాత్రం కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఒక మెకానిక్ పిస్టన్ రింగులు పోయాయి, ఇంజన్ విప్పాల్సిందే అన్నాడు. ఇంకొకాయన టర్బో మార్చమన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఇద్దరి మాటా అప్పుడే వినకండి. వాళ్ళకు పని రాదని కాదు. బండి వాళ్ళ దగ్గరికి చేరేసరికి ఇంజన్ వేడెక్కి ఉంది. మీ బండి జబ్బు పొద్దున అర నిమిషం మాత్రమే బయటపడేది, ఆ అర నిమిషం కళ్ళారా చూడనివాళ్ళు చెప్పేది ఊహే. ఇన్నేళ్ళుగా డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తూ నేను నేర్చుకున్నది ఒకటి చెప్తాను. పొగ ఎంత వచ్చిందన్నది చూసి ఏమీ తేల్చలేం. ఒక్క చెంచాడు ఆయిల్ కాలినా చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూసేంత పొగ వస్తుంది. అది ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, బండి ఎన్ని గంటలు ఆగాక వచ్చింది అన్నవి చూస్తే మాత్రం చాలా తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు, అది నిజంగా ఆయిల్ పొగేనా అన్నది తేలాలి. డీజిల్ బండ్లలో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. చల్లటి ఇంజన్‌లో సరిగా కాలకుండా బయటికొచ్చే డీజిల్ కూడా తెలుపు కలిసిన నీలం రంగులోనే కనిపిస్తుంది. పైగా పొగ రంగు మనం ఎటు నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. సన్నటి తుంపరలు వెలుగులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. ఎండ మీ వీపు మీద పడుతూ, పొగ వెనక చెట్టో నల్లటి గోడో ఉంటే నీలంగా కనిపిస్తుంది. అదే పొగను ఎండకు ఎదురుగా చూస్తే గోధుమ రంగు కలిసిన పసుపులా ఉంటుంది. కాబట్టి కంటికంటే ముక్కును నమ్మండి. కాలని డీజిల్ ఘాటుగా ఉంటుంది, కళ్ళు మండుతాయి. ఆయిల్ పొగ కళ్ళను అంతగా మండించదు కానీ మాడిన నూనె వాసన కొడుతుంది, గాలి లేకపోతే నేలబారుగా చాలాసేపు కదలకుండా ఉంటుంది. అలాగని సైలెన్సర్ దగ్గర ముఖం పెట్టి పీల్చకండి, నాలుగడుగులు పక్కన నిలబడితే చాలు.

రెండో గుర్తు ఇంజన్ శబ్దం. పొగ వచ్చేటప్పుడు ఇంజన్ తడబడుతోందా? ఒకటి రెండు సిలిండర్లు పట్టనట్టు మిస్సింగ్ కొట్టి, వేడెక్కేకొద్దీ శబ్దం, పొగ రెండూ కలిసి సర్దుకుంటున్నాయా? అలా ఉంటే చూడాల్సింది ఆయిల్ కాదు. చిన్న ఇంజన్లలో హీటర్ ప్లగ్గులు, పెద్దవాటిలో గాలిని వేడిచేసే హీటర్, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారడం, పంపు టైమింగ్ వెనకబడటం, ఏదో ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గడం, వీటిలో ఒకటై ఉంటుంది. స్టార్ట్ చేసిన నిమిషం లోపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగ బయటికొచ్చే గొట్టం) మీద ఒక్కో సిలిండర్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడండి. మిగతావాటికంటే బాగా చల్లగా ఉన్నదే సరిగా మండని సిలిండర్. పాత పంపు ఇంజన్లలో నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటి వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూసేవాళ్ళం. కామన్ రైల్ ఇంజన్ (అన్ని నాజిళ్ళకూ ఒకే పైపు నుంచి భారీ ప్రెషర్‌తో డీజిల్ అందే కొత్త రకం) మీద ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆ పైపుల్లో ప్రెషర్ వందల బార్ల నుంచి వెయ్యి దాటి కూడా ఉంటుంది. ఆ వేగంతో వచ్చే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల మాత్రం ఆపరేషన్ దాకా వెళ్ళే గాయం.

ఇంజన్ ఒక్క కొట్టుకే అందుకుని, శబ్దం నున్నగా ఉండి, పొగ మాత్రం నీలంగా వస్తుంటే అది ఆయిలే అనుకుందాం. మీరు రాసిన తీరు చూస్తే అలాగే ఉంది.

ఇక అసలు ప్రశ్న, రాత్రి ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ ఆయిల్ ఎక్కడ చేరుతోంది? ఇంజన్ తిరుగుతున్నప్పుడు పుట్టే లోపమైతే పగలు కూడా పొగ రావాలి. పొద్దున మాత్రమే వచ్చిందంటే ఆగి ఉన్న గంటల్లో ఆయిల్ తన బరువుకు తనే నెమ్మదిగా కిందికి జారి, ఉండకూడని చోట చేరుతోందన్నమాట. అలా జారడానికి లారీలో ఉన్న దారులు తక్కువే. హెడ్ మీద నుంచి వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడ ఆడే గొట్టాల) గుండా సిలిండర్‌లోకి, లేదా టర్బో (బయటికెళ్ళే పొగ తోపుకు తిరిగి ఇంజన్‌లోకి గాలి నూకేది) లోపలి నుంచి గాలి వైపుకో సైలెన్సర్ వైపుకో. మూడోది కాస్త వేరు, పగలంతా బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) గుండా వెళ్ళిన ఆయిల్ ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) అడుగున, పైపు వంపుల్లో గుంటకట్టి ఉండటం.

దీన్ని పట్టుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు, నాలుగు రోజుల ఓపిక చాలు. సాయంత్రం బండిని చదునైన చోట ఆపండి. పొద్దున ఒకరు క్యాబిన్‌లో, ఒకరు వెనక. వెనకున్నవారు ఫోన్‌లో వీడియో తీయాలి. సెల్ఫ్ కొట్టిన శబ్దం నుంచి పొగ ఆగేదాకా ఒకే వీడియోగా తీయండి. యాక్సిలేటర్ ముట్టుకోకుండా స్లోలోనే వదిలేయాలి. మొదటి మంటతోనే గుప్పున పొగ వచ్చి కొద్ది సెకన్లలో పలచబడిపోతే ఆయిల్ సిలిండర్‌లోనో, ఇన్‌టేక్ వాల్వ్ వెనకో కూర్చుని ఉంది. స్టార్ట్ అయిన క్షణంలో ఏమీ లేక, పది ఇరవై సెకన్లు పోయాక మొదలై నెమ్మదిగా పెరిగి తర్వాత తగ్గితే ఆయిల్ ఎగ్జాస్ట్ వైపు ఉండే అవకాశం ఎక్కువ. ఎందుకంటే అక్కడున్న ఆయిల్ పొగవ్వాలంటే ముందు ఆ ఇనుము వేడెక్కాలి. మానిఫోల్డ్, టర్బో టర్బైన్ వైపు, సైలెన్సర్ మొదలు, ఇవి వేడెక్కడానికి పట్టే సమయమే ఆ ఆలస్యం.

మర్నాడు ఆగిన సమయాన్ని మార్చి చూడండి. వేడి ఇంజన్‌ను ఆపి పది నిమిషాలకు స్టార్ట్ చేయండి. ఇంకోసారి రెండు గంటలకు, ఇంకోసారి రాత్రంతా ఉంచాక. పది నిమిషాలకు సున్నా, రెండు గంటలకు చిన్న తెర, తెల్లారికి పెద్ద మబ్బు, ఇలా గంటలతోపాటు పెరుగుతుంటే అది బొట్టుబొట్టుగా కారే వ్యవహారం, ఎక్కువసార్లు వాల్వ్ సీల్సే, అంటే వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు టోపీలే. బండిని ఒక రాత్రి ముక్కు పైకి ఉండేలా వాలులో ఆపి, ఇంకో రాత్రి ముక్కు కిందికి ఉండేలా ఆపి చూడండి. హ్యాండ్‌బ్రేక్‌తోపాటు చక్రాలకు దిమ్మలు కూడా పెట్టండి. హెడ్ మీద ఆయిల్ వాలుకు ఒక చివరికి చేరుతుంది కాబట్టి సీల్ పోయిన సిలిండర్ ఆ చివర ఉంటే పొగ బాగా పెరుగుతుంది. పొద్దున పొగ కొన్ని రోజులు వచ్చి కొన్ని రోజులు రావడం లేదని వాపోయే డ్రైవర్లను చాలామందిని చూశాను. తీరా అడిగితే వాళ్ళు బండి ఆపే చోటే మారుతూ ఉంటుంది.

మీది పెట్రోల్ ఇంజన్ అయ్యుంటే ఇంకో తేలిక పరీక్ష చెప్పేవాణ్ణి. ఎత్తు దిగేటప్పుడు యాక్సిలేటర్ వదిలేసి గేర్ మీద దిగి, కింద ఒక్కసారి తొక్కితే గుప్పున నీలం పొగ రావడం. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో పుట్టే వాక్యూమ్ గైడ్ల గుండా ఆయిల్‌ను లాగేస్తుంది. డీజిల్‌లో గాలికి అలాంటి అడ్డు ఉండదు కాబట్టి అంత వాక్యూమ్ పుట్టదు. పెట్రోల్ బండ్ల గురించి రాసిన సలహాలను లారీకి అలాగే అంటిస్తే తప్పుదారి పడతారు. డీజిల్‌లో సీల్ పోయినా పగలు ఏమీ తెలియకుండా నడవడానికి కారణం కూడా ఇదే.

విప్పడాలూ మార్చడాలూ మొదలుపెట్టే ముందు ఆయిల్ గేజ్ తీయండి. నవ్వకండి. పొగ కోసం వచ్చిన బండ్లలో ఆయిల్ ఎక్కువ పోసినవి తక్కువేమీ ఉండవు. చదునైన నేల మీద, ఇంజన్ ఆపి పావుగంట ఆగి చూడాలి. ఫుల్ గీత దాటితే క్రాంక్ ఆయిల్‌ను చిలికినట్టు చిలుకుతుంది, ఆ తుంపర బ్రీదర్ గుండా గాలి పైపులోకి పోతుంది. టర్బో నుంచి కిందికి రావాల్సిన ఆయిల్‌కూ దారి సరిగా దొరకదు. పాత బండి కాబట్టి ఆ గేజ్ ఆ ఇంజన్‌దేనా అని కూడా అనుమానించండి. ఒకసారి నా దగ్గరికొచ్చిన లారీలో వేరే ఇంజన్ గేజ్ దూర్చి ఉంది. పాపం ఓనరు ప్రతిసారీ ఫుల్ గీత దాకా పోస్తున్నాడు, లోపల మూడు లీటర్లు అదనం. ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. తేల్చుకోవాలంటే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చే రోజున మాన్యువల్‌లో చెప్పిన కొలతంతా పోసి, కాసేపు తిప్పి, ఆపి, పావుగంట తర్వాత గేజ్ మీద ఎక్కడ ఉందో చూసి అక్కడ గీత పెట్టుకోండి.

గేజ్ చివరి బొట్టును వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడండి. నీళ్ళలా పలచబడి డీజిల్ వాసన వస్తే, పైగా పొయ్యకుండానే లెవెల్ పెరుగుతుంటే, నాజిల్ కారో, పంపు సీల్ పోయో డీజిల్ ఛాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చోటికి దిగుతోంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండ్లలో అది మసిని కాల్చుకుని శుభ్రమయ్యే సైకిల్ మధ్యలో పదేపదే ఆగిపోయినా ఇలా జరగొచ్చు. అలాంటి ఆయిల్‌తో బండి నడపకండి, బేరింగులు పోతాయి. దీనికి ఉల్టా, ఆయిల్ జిగటగా, తేనెలా సాగుతుంటే అమ్మినవాళ్ళు పొగ తెలియకుండా చిక్కటి ఆయిలో, పొగ ఆపే మందో పోసి ఉండొచ్చు. మీ విషయంలో ఆ అనుమానం నాకు కొంచెం ఉంది. కొన్నప్పుడు లేని పొగ నెల తర్వాత మొదలైందని రాశారు, మధ్యలో ఆయిల్ మార్చానని కూడా రాశారు. అంటే పొగ కొత్తగా పుట్టి ఉండకపోవచ్చు, కప్పిపెట్టింది బయటపడి ఉండొచ్చు. ఏదేమైనా మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయండి. పెద్ద డీజిళ్ళలో ఎక్కువగా 15డబ్ల్యూ-40 ఉంటుంది. పొగ కోసం ఇంకా చిక్కటిది పోస్తే చలి పొద్దుల్లో టర్బో బేరింగులకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది, పొగ తగ్గి టర్బో పోతుంది.

పాత మోడల్ అయితే ఎయిర్ ఫిల్టర్ ఆయిల్ బాత్ రకమేమో చూడండి. అడుగున గిన్నెలో ఆయిల్ ఉండే రకం. అందులో గీత దాటి పోస్తే ఇంజన్ దాన్ని పీల్చి కాల్చేస్తుంది.

తర్వాత బ్రీదర్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా చేతులు కాలింది ఇక్కడే. చాలా ఏళ్ళ క్రితం సరిగ్గా మీ లాంటి బండే వచ్చింది. గాలి పైపు ఊడదీస్తే నిండా ఆయిల్. టర్బో సీల్ పోయిందని ఖాయం చేసి కొత్త టర్బో బిగించాను. వారానికే ఓనరు తిరిగొచ్చాడు, అదే పొగ. అప్పుడు చూస్తే బ్రీదర్ పైపు మడత దగ్గర మడ్డి పట్టి దాదాపు మూసుకుపోయింది. ఛాంబర్‌లో ప్రెషర్ పెరిగితే టర్బో నుంచి కిందికి దిగాల్సిన ఆయిల్ దిగదు. ఆ పైపులో ఆయిల్ పంపు తోసుకురాదు, బరువుకు జారి రావాల్సిందే. కింద ప్రెషర్ ఉంటే అక్కడే నిలబడి, షాఫ్ట్ పక్కల నుంచి బయటపడుతుంది. టర్బోలో మనం సీల్ అనేది రబ్బరు ముక్క కాదు, సన్నటి ఇనుప రింగు. ఆయిల్ సవ్యంగా దిగిపోతున్నంతవరకే అది ఆపగలదు. ఆ కొత్త టర్బో ఖర్చు చివరికి నేనే పెట్టుకున్నాను, పైపు కడగడానికి పట్టింది అరగంట. కాబట్టి టర్బో మీద వేలు చూపించే ముందు మూడు చూడాలి. బ్రీదర్ పైపు, దాని లోపలి జల్లెడ శుభ్రంగా ఉన్నాయా? టర్బో కింది ఆయిల్ రిటర్న్ పైపు నొక్కుకుపోవడం, మాడిన ఆయిల్‌తో పూడటం, గ్యాస్కెట్‌కు రాసిన పేస్ట్ అడ్డుపడటం లాంటివి ఉన్నాయా? ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా? ఫిల్టర్ మూసుకుపోతే గాలి వైపు వాక్యూమ్ పుట్టి ఆయిల్‌ను లాగుతుంది.

ఈ మూడూ బాగుంటే టర్బో దగ్గరికి రండి. ఇంజన్ చల్లగా, ఆగి ఉన్నప్పుడు గాలి పైపు ఊడదీసి చక్రాన్ని వేళ్ళతో కదపండి. పక్కలకు కొద్దిగా ఊగడం మామూలే, ఆయిల్ పొర మీద తేలే షాఫ్ట్ కదా. ముందుకూ వెనక్కూ ఆట తెలిసేంతగా ఉండకూడదు. రెక్కలు గోడకు రాసిన గీతలు కనిపిస్తే ఆ టర్బో పని అయిపోయినట్టే. ఇంటర్‌కూలర్ పైపుల్లో సన్నటి తడి పొర ఉంటే కంగారుపడకండి, బ్రీదర్ గాలిని ఇన్‌టేక్‌లోకే పంపే ఇంజన్లలో అది ఎప్పుడూ ఉంటుంది. కిందికి వంచితే ధారగా కారితే మాత్రం ఆలోచించాలి. ఆ ఆయిల్ తుడిచి, వారం నడిపి, మళ్ళీ ఎంత చేరిందో చూడండి. ఎన్నేళ్ళదో తెలియని పాత ఆయిల్‌ను చూసి తీర్పు చెప్పకూడదు. టర్బైన్ వైపు చూడాలంటే సైలెన్సర్ పైపు విప్పాలి. అక్కడ పొడి మసి ఉంటే మంచిది, తడిగా నల్లగా మెరుస్తుంటే ఆయిల్ అటు దిగుతోంది. అయితే ఆ తడి ఇంజన్ నుంచే వచ్చిందేమో చూడకుండా టర్బోకు అంటగట్టకండి. టర్బోకు ముందు, మానిఫోల్డ్ లోపల కూడా తడిగా ఉంటే తప్పు హెడ్‌దో సిలిండర్‌దో.

ఇప్పుడు రింగుల మాట. మీ బండికి రింగులు పోయాయని నేను ఎందుకు అనుకోవడం లేదంటే, రింగులు అరిగితే పొగ లోడు మీద వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక అద్దంలో కనిపిస్తుంది. బ్యాక్ కంప్రెషన్ ఉంటుంది, అంటే సిలిండర్ గాలి రింగులు దాటి ఛాంబర్‌లోకి కొడుతుంది. పొద్దున స్టార్టింగ్ బరువుగా ఉంటుంది. మీకు ఇవేవీ లేవు. బ్యాక్ కంప్రెషన్ మీరే చూడొచ్చు. వేడి ఇంజన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ బొక్క మీదే వదులుగా పెట్టండి. నెమ్మదిగా వణికితే ఫర్వాలేదు, సన్నగా ఆవిరి రావడమూ డీజిల్‌లో సహజమే. మూత ఎగిరి కింద పడితే, పొగ గుప్పుగుప్పుమని సిలిండర్ కొట్టిన లయలోనే వస్తే, అప్పుడు రింగుల గురించి మాట్లాడాలి. కొన్ని ఇంజన్లలో ఆ బొక్క రాకర్ల పక్కనే ఉండి గాలి ఊరికే కొడుతుంది, కాబట్టి ఈ ఒక్కదాన్నే పట్టుకుని ఇంజన్ విప్పొద్దు.

కంప్రెషన్ టెస్ట్ చేయించండి. అది ఏం చెప్పలేదో కూడా తెలుసుకుని చేయించండి. డీజిల్‌లో ఇంజన్‌ను బట్టి మామూలుగా 20 నుంచి 35 బార్ దాకా ఉంటుంది, మీ ఇంజన్‌కు ఎంతో మాన్యువల్ చెప్తుంది. అంకెకంటే ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా. అన్నీ పది పదిహేను శాతం లోపల ఉంటే మంచిదే. ఒకటి బాగా తక్కువగా ఉంటే లీక్‌డౌన్ టెస్ట్ చేయాలి. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు గాలి ఎక్కించి, ఎక్కడ బుస్సుమంటోందో వినడం. ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, గాలి పైపులో అయితే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలైతే హెడ్ గ్యాస్కెట్‌ లేదా హెడ్ పగులు. పెట్రోల్ ఇంజన్‌లో చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్ళీ కొలిచే పద్ధతి డీజిల్‌కు వద్దు. పిస్టన్ పైన మిగిలే చోటు చాలా తక్కువ, ఆయిల్ కాస్త ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఈ రెండు టెస్టులూ వాల్వ్ సీల్‌ను పట్టలేవు. సీల్ ఉండేది వాల్వ్ కాడ మీద, గాలిని ఆపేది వాల్వ్ తల. సీల్ పూర్తిగా ఊడిపోయినా కంప్రెషన్ నిక్షేపంగా చూపిస్తుంది. కాబట్టి కంప్రెషన్ బాగుంది, పొద్దున మాత్రమే పొగ, గంటలతోపాటు పెరుగుతుంది, బ్రీదర్, టర్బో శుభ్రం అంటే మిగిలింది సీల్సే. ఇంకో మెలిక కూడా ఉంది. పై రెండు రింగులూ బాగుండి, కింద ఆయిల్ రింగు ఒక్కటీ మసితో అతుక్కుపోయినా కంప్రెషన్ బాగానే వస్తుంది, ఆయిల్ మాత్రం తాగుతుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న బండ్లు, ఆయిల్ సరిగా మార్చనివి, లోడు లేకుండా గంటలకొద్దీ స్లోలో తిరిగినవి ఈ బాపతు. స్లోలో తిరిగి తిరిగి లైనర్ (సిలిండర్ లోపలి గోడ) అద్దంలా నునుపెక్కితే కూడా రింగులు ఆయిల్‌ను గీకలేవు. అయితే వీటిలో పొగ పగలు కూడా ఎంతో కొంత కనిపిస్తుంది.

ఆయిల్ ఎంత తాగుతోందో లెక్క రాయండి. "కొద్దికొద్దిగా" అంటే నాకు ఏమీ తెలియదు. ప్రతిసారీ ఒకే చోట, చల్లటి ఇంజన్ మీద గేజ్ చూసి, పోసింది మిల్లీలీటర్లలో, తిరిగింది కిలోమీటర్లలో రాయండి. పెద్ద ఇంజన్లకు ఆయిల్ వాడకాన్ని కాలిన డీజిల్‌లో ఎంత శాతం అని కూడా లెక్కేస్తారు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ వెయ్యి కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఆ వెయ్యిలో ఒక లీటరు ఆయిల్ పోతే 0.4 శాతం. మీ ఇంజన్‌కు ఎంతవరకు ఒప్పో మాన్యువల్‌లో చూసి పోల్చుకోండి. పొద్దున అర నిమిషం పొగకు పోయేది మిల్లీలీటర్ల లెక్క. లెక్కలో లీటర్లు తేలితే ఆ పొగ ఒక్కటే కారణం కాదు, ఆయిల్ ఇంకెక్కడో కూడా పోతోంది. లారీలో అలాంటి చోటు ఒకటి చాలామంది మర్చిపోతారు, బ్రేకుల గాలి కంప్రెసర్. దానికి కూడా ఇంజన్ ఆయిలే వెళ్తుంది. దాని రింగులు అరిగితే ఆయిల్ గాలితోపాటు ట్యాంకుల్లోకి పోతుంది, ఒక్క చుక్క పొగ కూడా రాదు. ఎయిర్ ట్యాంకు డ్రైన్ తెరిచినప్పుడు నీళ్ళతోపాటు జిడ్డు ధారగా వస్తే అక్కడ చూడండి. బ్రేకుల వాల్వులకూ ఆ జిడ్డు మంచిది కాదు.

మీ బండికి డీపీఎఫ్ ఉందో లేదో రాయలేదు. ఉంటే, వెనక పొగ తక్కువ కనిపించినంత మాత్రాన లోపల తక్కువ కాలుతోందని అనుకోకండి. కాలిన ఆయిల్ బూడిద ఆ ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. మసిలా అది మళ్ళీ కాల్చితే పోదు, విప్పి శుభ్రం చేయించాల్సిందే.

ఈలోగా బండి నడపొచ్చా అని అడిగారు. లెక్క నిలకడగా ఉంటే, రోజూ పొద్దున గేజ్ చూస్తుంటే, నడపండి. లోడు మీద కూడా పొగ మొదలైతే, లెవెల్ ఉన్నట్టుండి పెరిగినా తగ్గినా, టర్బో దగ్గర కొత్తగా ఈల శబ్దం వచ్చినా ఆపేయండి. ఇంటర్‌కూలర్‌లో లీటర్ల కొద్దీ ఆయిల్ ఉన్న డీజిల్ ఇంజన్‌తో అసలు ప్రమాదం పొగ కాదు. ఆ ఆయిల్‌నే ఇంధనంగా పీల్చుకుని ఇంజన్ తనంతట తాను రేస్ అయిపోతుంది. తాళం తిప్పినా ఆగదు, డీజిల్ ఆపినా ఆగదు. బండి మీద ఉంటే పై గేర్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆపాలి. నిలబడి ఉంటే, దగ్గరికి పోవడం సురక్షితమైతేనే గాలి దారిని చెక్కతోనో రేకుతోనో మూయాలి, చేత్తో మాత్రం కాదు. దగ్గరికి వెళ్ళలేనంత రేస్ అయితే మనుషుల్ని దూరంగా పంపి, మీరూ దూరం జరగండి. ఇంజన్ పోతే పోయింది.

చివరికి సీల్సే అని తేలితే, ఇంజన్ మొత్తం విప్పాల్సిన పని లేదు. చాలా ఇంజన్లలో హెడ్ దించకుండానే, టాపెట్ కవర్, రాకర్లు తీసి, ఆ సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, వాల్వ్ కిందికి జారకుండా చూసుకుని స్ప్రింగ్ తీసి సీల్ మార్చొచ్చు. స్ప్రింగ్ తీసినప్పుడు మెకానిక్‌తో ఒక పని తప్పకుండా చేయించండి. వాల్వ్ కాడను పట్టుకుని పక్కలకు ఊపి చూడాలి. ఆట బాగా తెలిస్తే గైడ్ అరిగింది, దాని మీద కొత్త సీల్ వేస్తే కొన్ని నెలల్లో అదీ పోతుంది. అప్పుడు హెడ్ దించి గైడ్లు మార్పించడమే దారి. పాత సీల్ చేతిలోకి తీసుకుని నొక్కండి. ప్లాస్టిక్‌లా గట్టిపడి పెళుసుగా విరిగితే మీ అనుమానం నిజమే. ఇంకా మెత్తగా సాగుతుంటే, మిగతావి విప్పే ముందు ఇంకోసారి ఆలోచించండి. రబ్బరును మెత్తబరిచే మందులు పోస్తే గట్టిపడిన సీల్స్‌తో కొన్నాళ్ళు పొగ తగ్గడం చూశాను. అరిగిన ఇనుముకు మాత్రం ఏ సీసాలోనూ మందు లేదు. టాపెట్ కవర్ విప్పినప్పుడే హెడ్ మీద నుంచి ఆయిల్ కిందికి దిగే బొక్కలు మడ్డితో పూడాయేమో కూడా చూడండి. అవి మూసుకుపోతే ఆయిల్ పైనే నిలిచి, మంచి సీల్స్‌నూ దాటి కారుతుంది.

అన్నీ అయ్యాక మర్నాడు పొద్దున మళ్ళీ పొగ వస్తే నాకు కోపంగా మెసేజ్ పెట్టకండి. సైలెన్సర్ లోపల, మానిఫోల్డ్‌లో పట్టిన పాత ఆయిల్ కాలడానికి సమయం పడుతుంది. లోడుతో కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి, అప్పుడు మళ్ళీ చదునైన చోట రాత్రంతా ఆపి, అదే చోట నిలబడి వీడియో తీయండి. పాతదీ కొత్తదీ రెండు వీడియోలూ, రాసుకున్న ఆయిల్ లెక్కా కలిపి పెడితే మిగతాది చూద్దాం.